నూట ముప్పై ఏడో ప్రశ్న

కనిగిరిలో తొలి బస్సు నాలుగున్నరకి.
నీళ్ళ క్యాన్ల మధ్య నన్ను కూచోబెట్టుకుని
నాన్న ఆటోలో బస్టాండు దాకా దించాడు.
"పెన్ను ఇంకోటి కొనుక్కో, మొరాయిస్తే కష్టం" అని
పది రూపాయల నోటు చేతిలో పెట్టాడు.
తడి నోటు.
మా ఇంట్లో డబ్బులెప్పుడూ కాస్త తడిగానే ఉంటాయి.

పరీక్ష ఒంగోల్లో.
అసలుది కాదు, అసలుదానికి ముందు రాసే ఉత్తుత్తిది.
కాకపోతే ఫీజు మాత్రం ఉత్తుత్తిది కాదు:
నూట నలభై తాకితే అసలు కట్టక్కర్లేదు,
నూట ఇరవై తాకితే సగం,
ఆ కింద అందరూ సమానమే.
సగమంటే నలభై రెండు వేలు.
క్యానుకి మిగిలేది మూడు రూపాయలు.
పద్నాలుగు వేల క్యాన్లు.
ఈ లెక్క ఏ సిలబస్‌లోనూ లేదు,
నాకు నోటికొచ్చు.

మూడు నెలలు నేల మీదే చదివాను.
నడుం వంగిపోయిన మా నాయనమ్మ
చూపు పైకెత్తలేదు, అందుకని
పుస్తకం బండల మీద పరిస్తే తనూ చూసేది.
బెంజీన్ వలయాన్ని వేలితో తడిమి
"ఇదేందే మస్తానా, తేనెపట్టులో గదా?" అనేది.
ఆ తర్వాత దాన్ని నేనెప్పుడూ మరిచిపోలేదు.

పొదిలి దాటాక తెల్లారింది.
చీమకుర్తి దగ్గర రాళ్ళ లారీల వెనక
బస్సు నత్తలా నడుస్తుంటే
సూత్రాలన్నీ వరసగా చెప్పుకున్నాను,
ఒకటి మధ్యలో జారిపోయింది,
దాన్ని వెతుక్కుంటూనే కర్నూలు రోడ్డులో దిగాను.

హాల్ టికెట్ మీద నా ఫొటో చూసి
ఇన్విజిలేటర్ మేడం, "నవ్వొచ్చుగా అమ్మాయ్" అంది.
నేను నవ్వను.
ఊళ్ళో ఎవరం ఫొటోల్లో నవ్వం,
పెళ్ళి ఫొటోల్లో కూడా.

లెక్కలు గంటన్నర తిన్నాయి.
ఫిజిక్సులో రెండు గుడ్డిగా దిద్దాను.
కెమిస్ట్రీ చివర్లో, నూట ముప్పై ఏడు:
తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ రెండు పీపీఎం దాటితే కలిగేది?
ఒకటి, నిద్రలేమి. రెండు, జుట్టు రాలడం.
మూడు, పళ్ళపై గోధుమరంగు మచ్చలు.
నాలుగు, రేచీకటి.

పెదాలు గట్టిగా బిగించుకున్నాను,
పక్క బెంచీవాడు చూసి కాపీ కొడతాడేమోనని.
లోలోపల నవ్వొచ్చింది కూడా.
మూడో సున్నా నిండా నల్లగా నింపాను,
రెండోసారి కూడా దిద్దాను,
అవసరం లేకపోయినా.

బుధవారం మార్కులొచ్చాయి. నూట పద్దెనిమిది.
కీ పక్కనే అంటించారు.
నూట ముప్పై ఏడుకి జవాబు: నాలుగు.

"సరిచేసినా నూట పంతొమ్మిదేగా,
దానికోసం మళ్ళీ ఛార్జీలెందుకు దండగ" అంది
నాతో రాసిన సుభాషిణి.
నిజమే. లెక్క ప్రకారం దండగే.
అయినా బస్సెక్కాను.

కెమిస్ట్రీ సారు కుర్చీలోంచి లేవకుండానే
"రుజువేంటమ్మా? ఏ పుస్తకం, ఏ పేజీ?" అన్నాడు.
పేజీ నంబరు గుర్తుంది, చెప్పొచ్చు.
చెప్పలేదు.
పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి
తెలియని మనిషి ముందు
నోరు పూర్తిగా తెరిచాను.

ఫ్యాను తిరుగుతోంది.
సారు చూశాడు, చూపు తిప్పుకున్నాడు,
మళ్ళీ చూశాడు.
ఎర్రపెన్ను కోసం సొరుగంతా వెతికి
దొరక్క, నా పెన్నే అడిగాడు.
నాలుగు కొట్టేసి మూడు రాశాడు.

"వచ్చే నెల ఇరవైన ఇంకో టెస్టుంది" అన్నాడు,
"మీ ఊరు ఎక్కడ?"
చెప్పాను.
"అక్కడ నీళ్ళు..." అని ఆగాడు.
"మా నాన్న అమ్ముతాడు సార్" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది.
జారిపోయిన ఆ సూత్రం
చీమకుర్తి దగ్గర, పోయినచోటే,
దానంతటదే గుర్తొచ్చింది.